సౌండ్‌బారా, విడి స్పీకర్లా? ముందు మీ హాలు చూసుకోండి

కొత్త టీవీ వచ్చిన నెల తిరక్కుండానే చాలా ఇళ్లలో వినపడే మాట ఒకటుంది: "బొమ్మ అదిరింది గానీ సౌండే లేదు." అందులో అబద్ధమేమీ లేదు. టీవీలు పలచబడే కొద్దీ లోపల స్పీకర్లకు చోటు లేకుండా పోయింది. చాలా టీవీల్లో అవి కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి, మాట గోడకు తగిలి మన దగ్గరకొస్తుంది. డైలాగ్ వినపడటం లేదని సౌండ్ పెంచుతాం. ఫైటు మొదలవగానే గూబ గుయ్యిమంటుంది, మళ్లీ తగ్గిస్తాం. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగదు.

షాపుకు వెళ్తే రెండు దారులు చూపిస్తారు. టీవీ కింద పెట్టుకునే సౌండ్‌బార్ ఒకటి. అందులోనే బేస్ మోగించే సబ్ వూఫర్ ఒకటి, రెండు వెనక స్పీకర్లు కలిపి ఇచ్చే సరౌండ్ సెట్లు ఉంటాయి. రెండోది స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఏవీ రిసీవర్ అనే పెట్టె ఒకటి కొని, దానికి ముందు, మధ్య, వెనక స్పీకర్లు విడివిడిగా తగిలించుకునే అసలు సిసలు హోమ్ థియేటర్. అక్కడి నుంచి చర్చంతా బ్రాండు మీద, వాట్ల మీద నడుస్తుంది. నా మాట అడిగితే ఆ రెండూ ఆఖర్న చూసుకోవలసినవి. షాపులో డెమో గదికి కార్పెట్టూ, మందపాటి కర్టెన్లూ, కొలిచి పెట్టిన కుర్చీలూ ఉంటాయి. మన హాలులో అవేవీ ఉండవు. లక్ష పెట్టి కొన్న బార్ ఒక ఇంట్లో అద్భుతంగా మోగి, పక్క ఫ్లాట్‌లో మామూలుగా వినిపించడానికి కారణం ఆ గదే.

ముందు టేపు పట్టుకోండి

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట, మణికొండ వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఏది చూసినా హాలు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వెడల్పు 11 అడుగులు, పొడవు 16, 17 అడుగులు అటూఇటూగా. టీవీ పొడవాటి గోడ మీద, సోఫా దాని ఎదురు గోడకు ఆనించి. ఒక కొసన బాల్కనీ అద్దాల తలుపు, రెండో కొసన గోడే ఉండదు, హాలు అలాగే డైనింగ్‌లోకి సాగిపోతుంది. కింద టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, దాని మధ్యలో ఫ్యాను. ఈ ఒక్కొక్కటీ శబ్దాన్ని ఏదో ఒకటి చేస్తుంది.

సోఫా గోడకు ఆనుకుని ఉంటే వెనక స్పీకర్లకు "వెనక" అనే జాగాయే లేదు. మామూలుగా చెప్పే లెక్క ప్రకారం 5.1 సెట్‌లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్) సరౌండ్ స్పీకర్లు, అంటే ఆ వెనకవి, మనకు నేరుగా పక్కన, లేదా పక్క నుంచి కాస్త వెనక్కి ఉండాలి. ముందు చూపు నుంచి 90 నుంచి 110 డిగ్రీల మధ్య అన్నమాట. అంటే తల వెనకే ఉండనక్కర్లేదు. సోఫాకు రెండు పక్కలా రెండు మూడడుగుల ఎడంతో, చెవి ఎత్తుకు కాస్త పైన గోడకు బిగించి, లోపలి వైపు తిప్పి పెడితే పని జరుగుతుంది. ఆ చోటు ఉందో లేదో చూసుకోండి. ఒక వైపు తలుపు అడ్డొస్తోందా, రెండో వైపు షూ ర్యాక్ ఉందా, పిల్లలు పరుగెత్తే దారి ఉందా అన్నది కొనకముందే తేలాలి.

తర్వాత సోఫాకూ టీవీకీ మధ్య దూరం కొలవండి. మన ఇళ్లలో అది 9, 10 అడుగులు వస్తుంది. అంత దూరంలో కూర్చున్నప్పుడు ముందున్న ఎడమ, కుడి స్పీకర్ల మధ్య కనీసం ఏడెనిమిది అడుగుల ఎడం ఉంటే తెర మీద శబ్దం విప్పారినట్టు వినిపిస్తుంది. బార్ ఎంత పెద్దదైనా నాలుగు అడుగులకు అటూఇటూగానే ఉంటుంది. బార్‌కూ విడి స్పీకర్లకూ ఉన్న అసలు తేడా వాట్లలో కాదు, ఈ ఎడంలో ఉంది. కారు ఎడమ నుంచి కుడికి దూసుకుపోవడం విడి స్పీకర్లలో గది మొత్తం మీద జరుగుతుంది. బార్‌లో టీవీ వెడల్పు మేరకే జరుగుతుంది, మిగతాది గోడల సాయంతో తెప్పించాలి.

ఇంకో చిన్న పరీక్ష. హాలు మధ్యలో నిలబడి, ఫ్యాను ఆపి, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడితో ఆగిపోతే మంచిదే. దాని వెనకే సన్నగా మోత సాగితే ఆ గదిలో ఏ స్పీకర్ పెట్టినా మాటలు కలిసిపోతాయి. సోఫా ముందు మందపాటి కార్పెట్, అద్దాల తలుపుకు బరువైన కర్టెన్ వేస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది. ఆ ఖర్చును సౌండ్ సిస్టమ్ బడ్జెట్‌లో కలిపేయండి.

డబ్బా మీది అంకెలు

5.1.2 అని రాసి ఉంటే మొదటి అంకె చెవి ఎత్తులో ఉన్న చానెళ్లు, రెండోది సబ్ వూఫర్, మూడోది పైనుంచి వినిపించాల్సిన అట్మాస్ చానెళ్లు. డాల్బీ అట్మాస్ 2012లో సినిమా హాళ్లకు వచ్చింది, తర్వాత ఇళ్లలోకి దిగింది. థియేటర్‌లో పైకప్పుకు నిజంగానే స్పీకర్లు ఉంటాయి. ఇంట్లో వాడే బార్లలో మాత్రం చాలావరకు పైకి తిరిగిన చిన్న స్పీకర్లు శబ్దాన్ని సీలింగ్ మీదకు కొడతాయి, అది తగిలి మన మీద పడుతుంది. అందుకు సీలింగ్ చదునుగా ఉండాలి. ఏడున్నర నుంచి పన్నెండు అడుగుల ఎత్తు సరిపోతుందని డాల్బీ కంపెనీ చెబుతుంది, మన ఫ్లాట్లు ఆ కొలతలోనే ఉంటాయి. ఇబ్బందల్లా ఎల్‌ఈడీ లైట్ల కోసం మెట్లు మెట్లుగా చేయించిన ఫాల్స్ సీలింగ్‌తోనే. శబ్దం తగలాల్సిన చోట గుంత ఉంటే అది చెదిరిపోతుంది.

ఇంటీరియర్ చేయించేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. టీవీ యూనిట్‌లో బార్ కోసం ప్రత్యేకంగా అర చేయిస్తారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పైకి కొట్టే స్పీకర్ల నెత్తిన చెక్క, పక్కలకు కొట్టే స్పీకర్లకు రెండు వైపులా చెక్క. అట్మాస్ కోసం కట్టిన డబ్బంతా ఆ అరలోనే ఆగిపోతుంది. బార్ యూనిట్ మీద, ముందు అంచు దాకా జరిపి, పైన ఏమీ లేకుండా ఉండాలి.

వాట్ల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది "కాస్త పెరిగింది" అనిపిస్తుంది. శబ్దం రెట్టింపయినట్టు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. కాబట్టి 400కీ 600కీ మధ్య తేడా కోసం అదనంగా డబ్బు కట్టకండి.

బార్ ఒక్కటే కొంటే

వెనక స్పీకర్లు లేని బార్ సరౌండ్ కోసం పక్క గోడల మీద ఆధారపడుతుంది. రెండు వైపులా గోడలుండి, టీవీ వాటి మధ్యలో ఉన్న బెడ్‌రూమ్ లాంటి గదిలో ఇది బాగానే పనిచేస్తుంది. ఒక వైపు డైనింగ్‌లోకి తెరుచుకున్న హాలులో పనిచేయదు. మియాపూర్‌లో మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే చూశాను. వాన సీను వస్తే ఎడమ పక్క గోడ మీద చినుకులు పడుతున్నట్టే ఉంది, కుడి వైపు మాత్రం ఏమీ లేదు, శబ్దం వంటగది దాకా వెళ్లిపోతోంది. సెట్టింగ్స్‌లో కుడి వైపు ఎంత పెంచినా తిరిగి కొట్టడానికి అక్కడ గోడే లేదు.

అలాగని దీన్ని తీసిపారేయను. మీ అసలు బాధ డైలాగ్ వినపడకపోవడమే అయితే ఇది చాలు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. 2.1 బార్‌లో మాటకు ప్రత్యేకంగా స్పీకర్ ఉండదు, 3.1లో సెంటర్ ఉంటుంది. పెద్ద వూఫర్ ఉన్న 2.1 కంటే చిన్న వూఫర్ ఉన్న 3.1 తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లకు కలిగే సుఖం మొదటి రోజే కనిపిస్తుంది. సీరియల్‌లో మాట అర్థమవుతుంది, పక్క గదిలో చదువుకునే పిల్లలకు టీవీ మోత తగ్గుతుంది.

వెనక స్పీకర్లున్న సరౌండ్ బార్

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. గోడల మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేకుండా, శబ్దం నిజంగా వెనక నుంచే వస్తుంది. అయితే "వెనక స్పీకర్లు" అన్న మాట కింద మూడు రకాలున్నాయి, కొనేముందు ఏ రకమో అడగాలి.

మొదటిది వైరుది. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటి సెట్లు ఈ కోవలోకి వస్తాయి. ధర అందుబాటులో ఉంటుంది, 5.1 నిజంగానే 5.1. కానీ వెనక్కి వైరు లాగాలి. రెండోది వైర్‌లెస్. ఇక్కడే చాలామంది పొరబడతారు. వైర్‌లెస్ అంటే బార్‌కూ స్పీకర్‌కూ మధ్య వైరు ఉండదని మాత్రమే, ఒక్కో స్పీకర్‌కూ కరెంటు వైరు ఉంటుంది. సోఫాకు రెండు పక్కలా ప్లగ్ పాయింట్లు కావాలి. మన ఫ్లాట్లలో సోఫా పక్కన ఫోన్ చార్జింగ్‌కని ఒక పాయింట్ ఇస్తారు, రెండో వైపు ఉండదు. ఆ వైపుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగితే తిరిగి వైరు వ్యవహారమే. మూడోది బ్యాటరీది. జేబీఎల్ బార్ 1000లో వెనక స్పీకర్లు బార్‌కే రెండు కొసల్లో అతుక్కుని చార్జ్ అవుతాయి, సినిమా పెట్టుకున్నప్పుడు ఊడదీసి వెనక పెట్టుకోవచ్చు. అద్దె ఇంట్లో, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంతకంటే హాయి లేదు. రోజూ తీసి పెట్టే ఓపిక ఎవరికి ఉంటుందో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

పై స్థాయిలో శాంసంగ్ క్యూ990 వరుస లాంటివి 11.1.4 దాకా వెళ్తాయి. వీటిలో వెనక స్పీకర్లు కూడా పైకీ పక్కకీ శబ్దం కొడతాయి. సరైన గదిలో చాలా బాగుంటాయి, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ ఆ ధరకు వచ్చాక విడి స్పీకర్లు కూడా అందుతాయి. అప్పుడు ప్రశ్న సౌండ్ గురించి కాదు, సౌకర్యం గురించి.

బార్‌లో ఉన్న అసలు లోటు వేరే ఉంది. అది ఒకే ముద్ద. సబ్ వూఫర్ చెడిపోతే వేరే కంపెనీది తగిలించడం చాలావరకు కుదరదు, చాలా సెట్లలో అదే కంపెనీ పాత మోడల్‌ది కూడా పనికిరాదు. లోపలి బోర్డు పోతే, ఆ మోడల్ మార్కెట్లోంచి వెళ్లిపోయి ఉంటే, మొత్తం సెట్టు మూలకు చేరినట్టే. వారంటీ పొడిగింపు తీసుకోవడం వృథా అని చాలా వస్తువుల విషయంలో అంటాను, ఖరీదైన బార్ విషయంలో మాత్రం అనను.

విడి స్పీకర్లు

ఏవీ రిసీవర్ అన్నిటికీ మూలం. డెనాన్, యమహా, ఓన్‌క్యో లాంటివి మన దగ్గర ఎక్కువ కనిపిస్తాయి. టీవీ నుంచి వచ్చిన శబ్దాన్ని విడదీసి ఏ స్పీకర్‌కు ఏది పంపాలో అదే చూసుకుంటుంది. డబ్బాలో చిన్న మైక్ ఇస్తారు. దాన్ని మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టి, ఫ్యానూ ఏసీ ఆపేసి, ఇంట్లో అందరినీ ఐదు నిమిషాలు మాట్లాడవద్దని చెప్పి కొలత నడిపించాలి. స్పీకర్లు ఒక్కొక్కటిగా కూత పెడతాయి. రిసీవర్ ఒక్కోదాని దూరం, మోత లెక్కగట్టి సరిచేసుకుంటుంది. బార్లలో కూడా కొన్నిటికి ఇలాంటి కొలత ఉంది. కానీ స్పీకర్లు సరైన చోట ఉన్నాక చేసే సవరణ వేరు, స్పీకర్లన్నీ ఒకే డబ్బాలో ఉండగా చేసే సవరణ వేరు.

దీన్ని నేను ఎక్కువగా ఇష్టపడటానికి కారణం సినిమాలు కాదు, పాటలు. ఘంటసాల గారి పాట బార్‌లో సరౌండ్ మోడ్ మీద వింటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ రోజుల రికార్డింగులు మోనో, అంటే ఒకే చానెల్, వాటిని బలవంతాన గదంతా పరిస్తే ప్రాణం పోతుంది. రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ల మధ్య అదే పాట వింటే గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టు వస్తుంది. వీణ తీగ మీద వేలి జారుడు వినిపిస్తుంది. పొద్దున సుప్రభాతం, ఆదివారం పాత పాటలు, అప్పుడప్పుడు సినిమా అనే ఇంట్లో విడి స్పీకర్లే న్యాయం చేస్తాయి. బార్ ఇప్పటికే ఉన్నవాళ్లు పాటలకు సరౌండ్ ఆపేసి స్టాండర్డ్ మోడ్‌లో వినండి, కొంత తేడా ఉంటుంది.

రెండో సుగుణం, అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. ముందు రిసీవర్, రెండు ముందు స్పీకర్లు, ఒక సెంటర్. దసరాకు సబ్ వూఫర్. సంక్రాంతికి వెనకవి. ముందు మూడూ ఒకే సిరీస్‌వి అయితే గొంతు తీరు మారదు, అది మాత్రం తప్పనిసరి. వెనకవి వేరే కంపెనీవైనా ఫర్వాలేదు. స్పీకర్లలో పాతబడేది తక్కువ. రబ్బరు అంచున్నవి ఇరవై ఏళ్లయినా మోగుతాయి. ఫోము అంచు ముందే పొడి రాలిపోతుంది కానీ దాన్ని మార్చే పనివాళ్లు ఉన్నారు. టీవీకి కలిపే హెచ్‌డీఎంఐలో కొత్త రకం వచ్చినప్పుడు మార్చాల్సింది రిసీవర్ ఒక్కటే.

ఇబ్బందులు చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. రిసీవర్ వేడెక్కుతుంది. దాని పైన నాలుగు వేళ్లు, వీలైతే జానెడు ఖాళీ ఉండాలి. తలుపులున్న టీవీ యూనిట్‌లో మూసేస్తే మే నెల ఎండలకు దానంతటదే ఆగిపోతుంది. వైర్లు లాగాలి. స్టాండ్ల మీద పెట్టిన స్పీకర్లు ఇల్లు తుడిచే చోట, పిల్లలు ఆడే చోట పడిపోయే ప్రమాదం ఉంటుంది, గోడకు బిగించడమే మేలు. రిమోట్ కూడా ఆలోచించాల్సిందే. హెచ్‌డీఎంఐ సీఈసీ (ఒకే రిమోట్‌తో రెండిటినీ నడిపించే ఏర్పాటు) సరిగ్గా కుదిరితే టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెరుగుతుంది. కుదరకపోతే అమ్మకో అత్తగారికో సీరియల్ పెట్టుకోవడం పెద్ద టెన్షన్ అవుతుంది. బిగించడానికి వచ్చినవాళ్లు వెళ్లకముందే ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒకసారి టీవీ ఆన్ చేయించి, చానెల్ మార్పించి, సౌండ్ పెంచి తగ్గించి చూడమనండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

ధరలు సేల్‌ను బట్టి మారుతుంటాయి, కింద ఉన్నవి బడ్జెట్ వేసుకోవడానికి ఉజ్జాయింపు మాత్రమే.

| చూడాల్సింది | బార్ ఒక్కటే | వెనక స్పీకర్లున్న బార్ | రిసీవర్, విడి స్పీకర్లు |
|---|---|---|---|
| ఖర్చు | 10 వేల నుంచి | వైరువి 20 వేలకు అటూఇటూ, వైర్‌లెస్ అట్మాస్‌వి 40 వేల నుంచి లక్ష పైదాకా | మంచి 5.1కు 80 వేల నుంచి లక్షన్నర |
| డైలాగ్ | 3.1 అయితే బాగు | బాగు | అన్నిటికంటే బాగు |
| ఒక పక్క తెరిచిన హాలు | ఒక వైపు తేలిపోతుంది | ఫర్వాలేదు | స్పీకర్ల చోటు కుదిరితే సమస్య లేదు |
| పాటలు | సరిపెట్టుకోవాలి | సరిపెట్టుకోవాలి | ఇందుకే కొనాలి |
| బిగింపు | పది నిమిషాలు | గంట | ఒక పూట, వైరింగ్ ఉంటే ఇంకా ఎక్కువ |
| ఇల్లు మారితే | చంకన పెట్టుకుని వెళ్లొచ్చు | అదే డబ్బాలో సర్దుకోవచ్చు | మళ్లీ మొదటి నుంచి బిగించాలి |
| ఒకటి చెడితే | మొత్తం పోయినట్టే | చాలావరకు మొత్తం పోయినట్టే | చెడినదే మార్చుకోవచ్చు |

తగిలించే వైరు

ఏది కొన్నా టీవీతో కలిపేది హెచ్‌డీఎంఐ ఆర్క్ (ARC) లేదా ఈ-ఆర్క్ (eARC) అని రాసిన రంధ్రంలోనే. ఆప్టికల్ వైరుతో కలిపితే ఓటీటీల్లో వచ్చే అట్మాస్ రాదు. ఈ-ఆర్క్ లేదు కాబట్టి టీవీ మార్చాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఓటీటీలు అట్మాస్‌ను డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో పంపుతాయి, అది మామూలు ఆర్క్ మీద కూడా వెళ్తుంది. టీవీ మాత్రం దాన్ని బయటికి వదిలేదై ఉండాలి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో పాస్‌త్రూ, లేదా ఆటో అని పెట్టాలి. పీసీఎం అని ఉంటే ఎంత పెద్ద సెట్టయినా రెండు చానెళ్లే మోగవచ్చు. ఈ-ఆర్క్ తప్పనిసరిగా కావాల్సింది బ్లూరే డిస్కులు టీవీ ద్వారా చూసేవాళ్లకు.

నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ ప్రీమియం ప్లాన్‌కే ఇస్తారు. ఏ ఓటీటీలోనైనా ఒకే సినిమాకు ఒక భాషలో అట్మాస్ ఉండి ఇంకో భాషలో 5.1 మాత్రమే ఉండవచ్చు. కేబుల్ సీరియళ్లు, యూట్యూబ్ చాలావరకు రెండు చానెళ్లే. మీ ఇంట్లో రోజుకు ఐదు గంటలు టీవీ నడిస్తే అందులో అట్మాస్ ఎంతసేపో లెక్కేసుకుంటే, ఆ మూడో అంకె కోసం ఎంత డబ్బు పెట్టవచ్చో తెలిసిపోతుంది. నేనైతే పైకి కొట్టే స్పీకర్ల కంటే ముందు నిజమైన వెనక స్పీకర్లకూ, సెంటర్‌కూ పెడతాను.

కింద ఫ్లాట్ వాళ్లు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూసిన హీరో ఎంట్రీ ఇంట్లో అలాగే మోగాలని కోరుకోవడం సహజం. కానీ బేస్ గోడ దగ్గర ఆగదు, శ్లాబ్ గుండా కిందికి దిగుతుంది. మీకు సినిమా వినిపిస్తుంది, కింది వాళ్లకు డుబ్ డుబ్ మాత్రమే వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన దాకా వెళ్లకముందే ఇరుగుపొరుగుతో మాట పోతుంది.

సబ్ వూఫర్‌ను మూలన పెడితే బేస్ పెరుగుతుంది, బండగా కూడా అవుతుంది. మూల నుంచి రెండడుగులు ఇవతలికి జరిపి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే నేల అదురు తగ్గుతుంది. రాత్రిళ్లు నైట్ మోడ్ పెట్టుకోండి, పెద్ద చప్పుళ్లు తగ్గి మాటలు పైకి వస్తాయి. పాత అపార్ట్‌మెంట్‌లో, రాత్రి మాత్రమే సినిమా చూసే ఇంట్లో, 12 అంగుళాల సబ్ వూఫర్ కోసం డబ్బు పోయడం నాకు నచ్చదు. దాన్ని వాడే రోజే రాదు.

ఎవరికి ఏది

మాదాపూర్, కొండాపూర్ వైపు ఏడాదికో ఇల్లు మారే ఉద్యోగస్తులకు బ్యాటరీ వెనక స్పీకర్లున్న బార్ చెప్తాను, బడ్జెట్ అంత లేకపోతే వైరుతో వచ్చే 5.1 సెట్. ఓనరు గోడకు మేకు కొట్టనివ్వకపోయినా ఇబ్బంది ఉండదు.

పెద్దవాళ్లు టీవీ ఎక్కువ చూసే ఇంట్లో 3.1 బార్. అక్కడితో ఆగండి. పిల్లలు అట్మాస్ అని గొడవ చేసినా సరే, రోజూ రిమోట్ పట్టుకునే మనిషి మాట చెల్లాలి.

సొంత ఫ్లాట్, ముప్పై నలభై వేల బడ్జెట్, సినిమాల పిచ్చి ఉంటే కాస్త కష్టమైన నిర్ణయమే. ఈ బడ్జెట్‌లో ఓ మోస్తరు అట్మాస్ బార్ వస్తుంది, విడి స్పీకర్లయితే సగం సెట్టే వస్తుంది. ఏడాది ఆగగలిగితే విడివి మొదలుపెట్టండి. రెండు స్పీకర్లతో కూడా టీవీ సౌండ్‌కూ దానికీ పోలిక ఉండదు. ఆగలేకపోతే వెనక స్పీకర్లున్న బార్ తీసుకుని నిశ్చింతగా ఉండండి, వెనకవి లేని ఖరీదైన బార్ జోలికి మాత్రం వెళ్లకండి.

లక్ష దాటి పెట్టగలిగి, గోడలకు బిగించుకునే స్వేచ్ఛ ఉంటే నా ఓటు విడి స్పీకర్లకే. ఇంట్లో వైర్లు కనపడటం ఎవరికైనా ససేమిరా నచ్చదంటే ఆ మాటను గౌరవించి మంచి బార్ కొనండి. రోజూ నస పెట్టే సిస్టమ్ ఎంత బాగా మోగితే ఏం లాభం.

వినకుండా కొనకండి

పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో బార్లు వరసగా పెట్టి ఉంటాయి, చుట్టూ ఏసీల మోత, పది టీవీల గోల. అక్కడ బేస్ ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. విడి స్పీకర్ల దుకాణాల్లో డెమో గదులుంటాయి, ముందు ఫోన్ చేసి సమయం అడిగి వెళ్లండి. వాళ్లు పెట్టే పేలుళ్ల సీను కాకుండా మీకు బాగా తెలిసిన తెలుగు సినిమాలో ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను పెట్టమనండి. సౌండ్ మీరు ఇంట్లో పెట్టుకునే స్థాయికి తగ్గించమనండి. ఆ స్థాయిలో ప్రతి మాటా తెలియాలి. తర్వాత ఒక పాట. కుర్చీలోంచి లేచి పక్క కుర్చీలోకి మారి మళ్లీ వినండి, ఇంట్లో అందరూ మధ్య సీట్లోనే కూర్చోరు కదా.

వైర్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. అక్కడ స్పీకర్ వైరు అడిగేటప్పుడు అసలు రాగిదే కావాలని గట్టిగా చెప్పండి. చవకగా వచ్చేది అల్యూమినియం మీద రాగి పూత. కొస కత్తిరించి తీగను గోటితో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. ముందు స్పీకర్లకు 16 గేజ్ సరిపోతుంది, వెనకకు వైరు బాగా పొడవు పడితే ఇంకా లావైన 14 తీసుకోండి. గోడ వెంబడి స్కర్టింగ్ మీదుగా పీవీసీ పట్టీలో తీసుకుపోతే కాలికి తగలదు, పెయింట్ వేస్తే కంటికీ కనపడదు.

ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లకు

ఈ ఎంపికలో అందరికంటే సుఖపడేది గోడలు ఇంకా పూత పడనివాళ్లు. అట్మాస్ కోసం సీలింగ్‌లో నిజమైన స్పీకర్లు పెట్టుకునే వీలు కూడా వాళ్లకే ఉంది. ఇప్పుడు బార్ కొన్నా సరే, పైపులు మాత్రం వేయించి ఉంచండి. ఇటుక గోడల ఇల్లయితే ప్లాస్టరింగ్‌కు ముందు గాడి కొట్టి టీవీ గోడ నుంచి సోఫా రెండు పక్కలకూ, ఫాల్స్ సీలింగ్‌లోకీ అంగుళం పైపులు వేయించవచ్చు. కొత్త టవర్లలో మైవాన్ షట్టరింగ్ వాడతారు, అక్కడ గోడ కూడా కాంక్రీటే. కాంక్రీటు పోయకముందే పైపు పడాలి, తర్వాత గాడి కొట్టనివ్వరు. బిల్డరు ఒప్పుకోకపోతే ఫాల్స్ సీలింగ్ పైనుంచి తీసుకుపోవడమే దారి, కాబట్టి సీలింగ్ పనివాళ్లు రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

పైపును కరెంటు పైపుకు ఆనించి వేయవద్దు, స్పీకర్‌లో సన్నగా జుమ్మనే మోత రావచ్చు. లోపల లాగుడు తీగ ఒకటి వదిలేయమనండి. సోఫా వచ్చే గోడకు రెండు వైపులా కరెంటు ప్లగ్ పాయింట్లు కూడా పెట్టించండి, రేపు వైర్‌లెస్ కొన్నా పనికొస్తాయి. పూత పడకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఏసీ బిగించేవాళ్లు డ్రిల్ పట్టుకున్నప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫొటోలోనే చూపించాలి.